మొలక చూసిన సెల్లు

మా మేనమామ పోయాడన్న కబురు, ఆయనతో కలిసి చేసిన ఛార్జింగు డబ్బాకు తగిలించి ఉన్న ఫోన్లోనే వచ్చింది. తన ఊరు ఇంద్రేశంలో పొద్దున బర్రెకు మేత వేసి అరుగు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. ఏడుస్తూనే ఆ డబ్బా వైపు చూశాను. దాని పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

పటాన్‌చెరులో మాది ఫోన్లు బాగుచేసే దుకాణం. పాడైన ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పితే లోపల వేలెడంత సెల్లు వరసగా ఉంటాయనీ, ఒకటి రెండు చచ్చినా మిగతావి బతికే ఉంటాయనీ తెలిసిన రోజు నా సంతోషం మీరు చూడాల్సింది. వాటిని సంచిలో వేసుకుని తిన్నగా మామ దగ్గరికే వెళ్లాను. నా పిచ్చికి తోడు వచ్చేది ఆయనొక్కడే. ఒక్కొక్కటీ తిప్పి చూసి, “సొట్టవడ్డయి, తుప్పు వట్టినయి ముందుగాల పక్కకు తీయి బిడ్డా. మిగిలినయి మొలక సూద్దాం” అన్నాడు.

జొన్నలు విత్తే ముందు గింజల్ని తడి గోనెలో చుట్టి మొలక చూడటం వాళ్లింటి అలవాటు. సెల్లకూ అదే పద్ధతి పెట్టాడు. సరైన ఛార్జరుతో నింపి, మీటరులో వోల్టేజి చూసి, ఆ అంకె సెల్లు మీదే రాసి, కొసలకు టేపు వేసి, పొడి ఇసుక పోసిన కుండలో విడివిడిగా పడుకోబెట్టేవాడు. కొన్ని వారాల తర్వాత కూడా అంకె దిగకుంటేనే పనికొచ్చినట్టు. ఛార్జింగులో వేడెక్కినది ఎంత కొత్తదైనా బయటికే. నేను ఆగలేక మధ్యలో కుండలో చెయ్యి పెడితే, “విత్తనం ఏసి దినాం తవ్వి సూస్తవా ఏంది? జెర ఆగు” అని కసిరేవాడు.

ఒక వానాకాలం ఆయన కూతురు కాన్పుకు సంగారెడ్డి ఆసుపత్రిలో చేరింది. అత్త తోడు వెళ్లింది. నేను మామ దగ్గర ఉన్నాను. వాగు పొంగి దారి మూసుకుపోయింది, కరెంటు పోయింది, మా ఇద్దరి ఫోన్లూ ఆరిపోయాయి. కుండలో పరీక్ష నెగ్గినవి రెండే సెల్లు. కొత్తగా నింపిన నాలుగు మాత్రం తళతళలాడుతున్నాయి.

“మామా, అవి గూడ కలుపుదాం. రెండిట్ల చార్జి సాలకపోతే?”

ఆయన ఆ నాలుగింటినీ మళ్లీ ఇసుకలోకి తోశాడు. “నా బిడ్డ కోసం పానం కొట్టుకుంటుంది. అయినా వద్దు. అవింక మొలక సూడలే. రెండే వెట్టు.”

రెండింటి వోల్టేజి సమానమని చూసి జత కట్టాను. సెల్లు పాడవకుండా కాచే ప్రొటెక్షన్ సర్క్యూటు, ఫోనుకు కావలసిన ఐదు వోల్టులిచ్చే బోర్డు, యూఎస్‌బీ సాకెట్టు కలిపి ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను. వైరు పెట్టిన కాసేపటికి మామ ఫోను తెర వెలిగింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. అంతలోనే మోగింది.

“ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు” అంది అత్త.

వైరు తీస్తే ఎక్కడ ఆగిపోతుందోనని మామ డబ్బాతో సహా ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడాడు. ఆ సాయంత్రం అదే డబ్బా పట్టుకుని, కబురు చెబుతూ వీధంతా తిరిగాడు. ఆగడం నాకు నేర్పింది ఆయనే.

దినాలకు వెళ్లినప్పుడు చూస్తే కుండలో ఇంకో నాలుగు సెల్లు పడుకుని ఉన్నాయి, ఆయన చివరిగా రాసిన అంకెలతో. ఈసారి మధ్యలో చెయ్యి పెట్టలేదు. గడువు నిండాక నిన్న తీసి మీటరు పెట్టాను. మూడు నిలిచాయి. అన్నింటికంటే కొత్తగా మెరిసేదాని అంకె దిగిపోయింది. దాన్ని పక్కకు తీశాను.

ఆ మూడింటితో డబ్బా కట్టి అత్తకిచ్చాను. ఇప్పుడు ఆమె కిటికీ పక్కన కూర్చుని కూతురితో మాట్లాడుతోంది, వైరు తీయకుండా, డబ్బాతో సహా ఫోను చెవికి ఆనించుకుని.