కొబ్బరినీళ్ళ శాంపిళ్ళు

మా ఊళ్ళో కిడ్నీ జబ్బు మీద పరిశోధన చెయ్యడానికి విదేశాల నుంచి డాక్టర్లు వస్తున్నారని తెలియగానే నేను చేసిన మొదటి పని చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం. పూండి స్టేషన్లో దిగితే మా ఊరు ఎంతో దూరం లేదు. జీడితోటలు, కొబ్బరితోటలు, వాటి మధ్య ఇళ్ళు, ప్రతి వీధిలోనూ డయాలసిస్‌కి పలాస వెళ్ళొచ్చే మనిషి ఒకరు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష మాకు పలకరింపయిపోయింది. "బావున్నావా" అన్న వెంటనే "క్రియాటినిన్ ఎంతుందేటి?" అనేస్తాం. ఈ జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళన్నారు, ఎండలో పనన్నారు. మా అన్నయ్య దానితోనే పోయాడు.

ఈసారి వచ్చినవాళ్ళు ఊరివాళ్ళు కూడా పరిశోధనలో పాలుపంచుకోవాలన్నారు. అందుకు ఊరి తరఫున ఒక ప్రతినిధి కావాలన్నారు. మాది తాతల నాటి నుంచీ పంచాయతీ రాజకీయాల్లో ఉన్న ఇల్లు. పైగా నా చేతికి మైకొస్తే ఒక పట్టాన వదలను. ఆ పదవి నన్ను వెతుక్కుంటూ వచ్చిందని నేనంటాను. నేనే దాన్ని వెతుక్కుంటూ టెక్కలి దాకా వెళ్ళానని మా ఆవిడ అంటుంది. మెడలో వేసుకోమని ఫోటో ఉన్న కార్డిచ్చారు. అన్నం తినేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. ఒకసారి పప్పుచారులో మునిగింది. తుడుచుకుని మళ్ళీ వేసుకున్నాను.

విదేశీయులకూ మాకూ మధ్య విశాఖపట్నం డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ ఇంటింటికీ చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పంచి, పొద్దున్న లేవగానే మొదట వచ్చే మూత్రం పట్టి తెమ్మంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు గొడవ మొదలైంది. అందరి మనసులో ఉన్నదాన్ని పొరుగింటాయన, నాకు వరసకు బావ, బయటపెట్టేశాడు.

"బావా, రోజల్లా తోటలో ఎండకి మాడినోళ్ళం. పొద్దున్నే పసుపునీళ్ళలాగుంటాది. తీసుకెళ్ళి తెల్లోళ్ళ సేతిలో అదెడితే ఊరి పరువేటవుద్ది?"

నిజమే కదా అనిపించింది. మా ఉద్దానం ఊళ్ళల్లో ఇంటికొచ్చిన మనిషిని బొండాం కొట్టి ఇవ్వకుండా పంపం. ఎవరేది అడిగినా ఉన్నదాంట్లో మంచిదే ఇస్తాం. అలాంటిది, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగితే రంగు మారినది ఇస్తామా? వెంటనే మా తోటలో బొండాలు దింపించి సాయంత్రానికల్లా అన్ని ఇళ్ళకీ పంపాను. పడుకునే ముందు తాగండి, లేవగానే తాగండి, ఆ తర్వాతే డబ్బా పట్టండి అని మైకులో చెప్పాను.

మర్నాడు ఏ డబ్బా చూసినా తేటనీళ్ళే. నాకు కళ్ళు చెమర్చాయి. విదేశీ డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపుతూ "అవర్ విలేజ్, వెరీ ప్యూర్" అన్నాను.

వాళ్ళ జీపు కదిలాక మా ఆవిడ అడిగింది. "అందరివీ పోగుసేసినారు. మీ డబ్బా ఏదండీ?"

"ప్రతినిధులకి అక్కర్లేదు," అన్నాను.

అలాంటి రూలేదీ లేదు. అన్నయ్య కాళ్ళు వాచిపోయి మంచం మీద కూర్చున్న తీరు గుర్తొస్తే ఆ డబ్బా ముట్టుకోవాలన్నా నాకు భయం. ఆఖరిరోజుల్లో ఆయనకు సేవ చేసింది మా ఆవిడే. నా భయం ఆవిడకు తెలియనిది కాదు. "అయితే మీరిచ్చిన్నాడే నేనూ ఇత్తాను," అని తన ఖాళీ డబ్బాను నా డబ్బా పక్కనే గూట్లో పెట్టేసింది.

వారం తిరక్కుండా డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. "మీ ఊళ్ళో అందరూ ఏం తాగి పట్టారండీ? అన్నీ నీళ్ళలాగే ఉన్నాయి. ఒక్కటీ పరీక్షకి పనికిరాదు."

"బొండాలండీ! అన్నీ మా తోటవే!" అన్నాను గర్వంగా.

ఆవిడ తల పట్టుకుని అరుగు మీద కూలబడింది. పాపం ఎండన పడి వచ్చిందని ఆవిడక్కూడా ఒకటి కొట్టించాను.

మళ్ళీ డబ్బాలు పంచారు. మైకు తీసి గొంతు సవరించుకున్నానో లేదో, పొరుగింటి బావ లేచాడు. "ఈసారి ముందు నీదియ్యి బావా. తర్వాత సూద్దాం."

ఊరంతా నావైపే చూసింది. మా ఆవిడ మాత్రం ఇంట్లోకి వెళ్ళి గూట్లోంచి రెండు డబ్బాలూ తెచ్చింది. ఆవిడ కోసమైనా ఇక తప్పలేదు. మర్నాడు ఇద్దరం ఇచ్చాం, రక్తం కూడా ఇచ్చాం. మా వెనక కొందరు వచ్చారు. బావతో సహా చాలామంది తోటపని ఉందని తప్పించుకున్నారు.

మా ఆవిడకు ఏమీ లేదు. నాకుంది.

"మొదట్లోనే దొరికింది. జాగ్రత్తగా ఉంటే చాలాకాలం బాగుంటారు," అంది డాక్టరమ్మ. తర్వాత కొంచెం తటపటాయించి, "పొటాషియం ఎక్కువుంది. కొబ్బరినీళ్ళు మాత్రం మానెయ్యాలి," అంది. నాకు నవ్వాగలేదు. మా ఆవిడ నవ్వలేదు.

పరీక్షకు రానివాళ్ళకు నచ్చజెప్పడానికి డాక్టరమ్మ మా వాకిట్లోనే మీటింగు పెట్టింది. నేనే బొండాలు కొట్టించి అందరికీ ఇచ్చాను, నేను తప్ప అందరూ తాగుతున్నారు. మైకు నా చేతికిచ్చారు. ఎన్నడూ లేనిది, దాన్ని ఆన్ కూడా చెయ్యలేదు. మెడలో కార్డు సవరించుకుంటూ నిలబడ్డాను.

మా ఆవిడ వచ్చి మైకు తీసుకుంది. ఆవిడ మైకు పట్టుకోవడం అదే మొదలు.

"మా ఆయనకొచ్చింది. ఈయన అన్నగారికి కాళ్ళు వాసిందాకా తెలీనేదు. ఈయనకి ముందే తెలిసింది. అంతే నాను సెప్పేది."

పొరుగింటి బావ నోటి దాకా ఎత్తిన బొండాన్ని దించి కింద పెట్టాడు.

"డబ్బా ఇటియ్యండమ్మా," అన్నాడు డాక్టరమ్మతో.