సుగుణమ్మగారికి బీసీసీ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇదంతా జరిగాక కుదిరిందేమో అని కూడా ఎవరూ అనుకోవద్దు. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి ఆఫీసులో పదకొండేళ్లుగా కంప్యూటర్లు, మెయిళ్లు చూసుకుంటున్నాను. మా ఇంట్లో ప్రార్థన తప్ప తాయెత్తులు తెలియవు.

మా నర్సింగ్ సూపరింటెండెంట్ సుగుణమ్మగారు ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి ఉండేది. నర్సుల గురించి ఏ మెయిల్ వెళ్లినా ఆమెకు బీసీసీ పెట్టాలి. అంటే ఒక కాపీ ఆమెకు చేరుతుంది, ఆ సంగతి మెయిల్ అందుకున్నవాళ్లకు తెలియదు.

"రేపు మాట మార్చేవాళ్లుంటారు పాపా, నా కాడ ఒకటి ఉండనీ" అనేవారు.

పోయిన ఏడాది ఆమె గుండెపోటుతో చనిపోయారు. ఆమె అకౌంటు నా చేతులతోనే తీసేశాను. ఏడుస్తూ తీసేశాను, అందుకే బాగా గుర్తుంది.

నాలుగు నెలల తర్వాత మెర్సీ అనే నర్సు చేరింది. కుప్పం పక్క శాంతిపురం వాళ్లది. సుగుణమ్మగారి పేరు కూడా తెలియదు. ఆమెను మా పుంగనూరు శాఖలో వేశారు. అక్కడ ఇరవై మంచాలకు ఒక్కతే నర్సు. ఇంకొకరిని పంపమని మా ఆసుపత్రి మేనేజరుకు మెయిల్ పెట్టింది. ఎవరూ రాలేదు. వారం తిరక్కుండానే ఒక ముసలాయన మంచం మీంచి పడి తుంటి విరిగింది.

తప్పంతా మెర్సీ మీదికి తోశారు. తనకు ఏ మెయిలూ రాలేదన్నాడు మేనేజరు. మెర్సీ తన ఫోన్‌లో పంపిన కాపీ చూపిస్తే, అది ఇప్పుడు తయారు చేసుకున్నదన్నాడు. ఆ పిల్ల జీతం మీదే వాళ్ల ఇల్లు నడుస్తోంది. నాకు ఒళ్లు మండింది.

బీసీసీ పేర్లు అందుకున్నవాళ్ల ఉత్తరంలో ఉండవు. పోస్ట్‌మన్ చేతికి విడిగా ఇచ్చిన చీటీలో ఉన్నట్టు, సర్వర్‌కు మాత్రమే తెలుస్తాయి. ఎవరికి ఏది చేరిందో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ తీశాను. మెయిల్ మేనేజరుకు చేరింది. దాని కింద ఇంకో పేరుంది. సుగుణమ్మగారిది. అక్కడికీ చేరినట్టే ఉంది.

లేని అకౌంటుకు పంపితే మెయిల్ తిరిగి రావాలి. పైగా పంపినవాళ్ల కాపీలో బీసీసీ పేరు కనిపించాలి, మెర్సీ దగ్గరున్న దాంట్లో ఆ గడి ఖాళీ. పట్టపగలు, పదకొండు గంటలప్పుడు, మూడుసార్లు చూశాను.

సంగతి తెలిసి మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సచ్చిపోయినామె పేరు ఉండాది గదమ్మా దీంట్లో. ఎవురు నమ్ముతారు? నీ ఉద్యోగం గూడా సూసుకో."

ఆ ఒక్క వరస తుడిచేస్తే సరిపోతుందని నాకూ అనిపించింది. కానీ తుడిస్తే అతనికీ నాకూ తేడా ఏముంది?

"ఉండేది ఉండేట్టే పెడతాను సార్" అని ప్రింటు తీశాను.

విచారణలో ఆ కాగితం పెద్ద డాక్టరుగారి చేతికి వెళ్లింది. ఆయన సుగుణమ్మగారితో ముప్పై ఏళ్లు పనిచేశారు. రెండో పేరు మీద వేలు పెట్టారు. అది దొంగ కాగితమన్నాడు మేనేజరు.

"దొంగ కాగితం సేసేవాళ్లు సచ్చిపోయినామె పేరు యాల పెడతారప్పా?" అన్నారు డాక్టరుగారు.

మెర్సీ ఉద్యోగం నిలబడింది.

తర్వాత సుగుణమ్మగారి అడ్రసుకు నేరుగా ఒక మెయిల్ పెట్టి చూశాను. అలాంటి అకౌంటు లేదని నిమిషంలో తిరిగొచ్చింది. బెంగళూరు నుంచి వచ్చిన సర్వర్ ఇంజనీరు రెండు రోజులు తల పట్టుకుని, తెలియదని చెప్పి వెళ్లిపోయాడు. నాకూ తెలియదు. తెలిసినట్టు నటించను, భయపడను కూడా.

ఇప్పుడు నర్సుల గురించి ఏ మెయిల్ పంపినా సుగుణమ్మగారికి బీసీసీ పెడుతున్నాను. మేనేజరుకు నచ్చదు, నచ్చకపోనీ. నేరుగా పంపినవి ఇప్పటికీ తిరిగొస్తున్నాయి. బీసీసీ పెట్టినవి మాత్రం ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు.