చెరపని చుక్కలు

బందరు చిలకలపూడిలో చెవికమ్మలకు రాళ్లు పొదిగే నాంచారయ్య గారు పరమపదించారన్న వార్త, గుడివాడలో నేను బడికి బయల్దేరుతుండగా ఫోనులో అందింది. ఆయన నాకు రక్తబంధువు కారు. మా నాన్నతో ఒకే బల్ల దగ్గర పనిచేసిన మనిషి, నేను మావయ్యగారూ అని పిలుచుకున్న మనిషి. అక్షరాన్ని ఓపిగ్గా చూడడం నేర్పిన గురువు. ఆ దుర్వార్త విన్న క్షణాన నాకు తోచిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది: ఇక ఆ జవాబు నాకెప్పటికీ తెలియదు.

ఏ జవాబో చెబుతాను. నేను చదువుకునే రోజుల్లో ఒక మాసపత్రిక ప్రతి సంచికలోనూ ఒక రహస్య వాక్యాన్ని దాచేది. కథల్లో, వ్యాసాల్లో అక్కడక్కడ ఒక్కో అక్షరాన్ని రవ్వంత లావుగా అచ్చువేసేవారు. వాటిని వరసగా ఏరి కూర్చుకుంటే వాక్యం వస్తుంది. సరైన జవాబు మరుసటి నెల సంచికలో ఉండేది. రాళ్లు పొదిగేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దంతోనే నాంచారయ్య గారు పత్రికను శోధించేవారు. అక్షరం దొరికితే దాని కింద పెన్సిలుతో ఆవగింజంత చుక్క పెట్టేవారు.

ఆ బల్ల దగ్గర పనిచేసేవాళ్ల అయిదు కుటుంబాలకూ కలిపి ఒకటే ప్రతి. అందుకని ఆయన ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి చుక్కలు వాళ్లు రబ్బరుతో చెరిపాకే పుస్తకం పక్కింటికి వెళ్లాలి. కాలేజీలో చేరిన గర్వంతో నేనొకసారి పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చేశాను. ఆయన కోప్పడలేదు. "ఒకళ్లు తిన్న విస్తట్లో ఇంకొకళ్లకి వడ్డిస్తామా అమ్మా?" అని మాత్రం అడిగి, బస్టాండు దాకా వెళ్లి వేరే ప్రతి తెచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన ఏకాగ్రతకు బలైంది ఆయన భార్య, మా సీతమ్మత్తయ్య. ఇద్దరూ గుడివాడలో పెళ్లికి వెళ్తూ పామర్రులో బస్సాగితే, ఆయన పత్రిక కొనడానికి దిగి, అక్కడే బస్టాండు బల్ల మీద కూర్చుని చుక్కలు మొదలుపెట్టారు. అత్తయ్యతో బస్సు వెళ్లిపోయింది. పెళ్లివారు "అన్నయ్యగారేరండీ?" అని అడిగితే అత్తయ్య, "పుస్తకంలో ఉన్నారు. బయటికి రాగానే వస్తారు" అంది. భోజనాల వేళకి వచ్చారాయన, వాక్యం పూర్తిచేసుకుని.

తరవాత కొన్నాళ్లకి ఆ పత్రిక చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఆఖరి సంచికలోని వాక్యానికి జవాబు అచ్చు కాలేదు. పైగా ఆ సంచికలో సిరా పరుచుకుని ప్రతి అక్షరమూ లావుగానే కనిపించేది. నాకు చేతకాక వదిలేశాను. బందరు వెళ్లినప్పుడల్లా మాత్రం ఆయన్ని అడిగేదాన్ని. "ఉందమ్మా, అందులోనే ఉంది" అని నవ్వేవారు. ఆయనకు తెలుసనీ, నన్ను ఊరిస్తున్నారనీ అనుకున్నాను. కిందటి నెల మంచాన ఉన్న మనిషితో, "ఇంకెన్నాళ్లు దాచుకుంటారు మావయ్యగారూ?" అని కాస్త కటువుగానే అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటోంది.

పెద్దకర్మ నాడు అత్తయ్య ఆ ఆఖరి సంచికను నా చేతిలో పెట్టింది. చుక్కలు పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టి, మళ్లీ చెరిపి, కాగితం ఉల్లిపొరలా పల్చబడింది. ఇన్నేళ్లూ ఆయన వెతుకుతూనే ఉన్నారు. ఆయనకూ జవాబు తెలియదు.

ముప్ఫయ్యో పేజీ దాకా మాత్రం చుక్కలు అలాగే ఉన్నాయి.

"చూపు ఆనక అక్కడితో ఆపేశారమ్మా. రబ్బరు ఇయ్యమంటారేమో అనుకున్నా. వద్దన్నారు. ఇవి చెరపొద్దు, అమ్మాయికియ్యి అన్నారు" అంది అత్తయ్య.

అంతటి సహనశీలి, అంతటి నిశితదృష్టి కలిగిన మనిషి మా బందరులో మళ్లీ నాకు తారసపడరు. ఆయన కూర్చున్న చోట ఇప్పుడు భూతద్దం ఒక్కటే ఉంది. దాన్ని కూడా అడిగి తెచ్చుకున్నాను.

మావయ్యగారూ, మిగతా పేజీలు నేను చూస్తాను. పెన్సిలుతోనే.