జపాను లెక్కలో నా వయసు

నేను పిరికివాణ్ణి. ఏలినాటి శని అని ఎవరైనా అంటే విసుక్కుంటాను కానీ, లోపల వణుకుతూనే ఉంటాను. అలాంటి నాకు, ఇక్కడ ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్ ఆఫీసులో పక్క సీటు జపాను ఆవిడ ఒకరోజు భోజనాల దగ్గర వాళ్ళ పాతకాలపు వయసు లెక్క చెప్పింది.

అందులో పుట్టగానే ఒక ఏడు. ఆపైన పుట్టినరోజుతో పనిలేదు, కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఒక ఏడు పెరుగుతుంది. ఆ లెక్కలో నలభై రెండో ఏడు మగవాళ్ళకి పెద్ద గండమట. గుడికి వెళ్ళి పూజ చేయించుకుంటారట. పాస్‌పోర్టు ప్రకారం నాకింకా నలభయ్యే, నవంబరులో నలభై ఒకటి. ఆవిడ లెక్కలో మాత్రం అప్పటికే నలభై రెండు.

ఆవిడ సరదాకే చెప్పింది. అనుమానం పెనుభూతం కదా. ఆ వారం నుంచి రౌండబౌట్ల దగ్గర వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదిలేవాణ్ణి కాదు. ఛాతీలో కాస్త పట్టేస్తే చాలు, జీపీకి, అంటే మా పేట డాక్టరుకి, ఫోన్. ఆ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయికి నా గొంతు కూడా గుర్తే. పరీక్షలన్నీ బాగున్నాయంటే ఇంకా భయమేసేది. అసలు కారణం మా ఆవిడకి చెప్పలేదు, నవ్వుతుందని.

జూన్‌లో ఒక శనివారం, ఆమె బట్టలు మడతపెడుతుంటే ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"ఆడవాళ్ళకి ఎన్నో ఏడండీ?"

"ముప్పై మూడని చెప్పింది."

ఆమెకి ఏప్రిల్‌లో ముప్పై రెండు నిండాయి. "పుట్టగానే ఒకటి అన్నారు కదా," అంటూ వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది. ఇన్నాళ్ళలో ఆ లెక్క ఆమెకి కట్టి చూడాలని నాకు ఒక్కసారీ తట్టలేదు.

"మొన్న నేనూ జీపీ దగ్గరికి వెళ్ళొచ్చాను. రొమ్ములో గడ్డలా తగిలింది. హాస్పిటల్‌కి రాశారు. గురువారం రమ్మన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరప్పటికే భయపడి చస్తున్నారు. మళ్ళీ ఇదొకటి ఎందుకని."

"ఆ గండం అదీ ఉత్త మాటలే," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. "గురువారం సెలవు పెడతాను. నేనూ వస్తాను."

"వద్దులెండి. అక్కడ మీకు కళ్ళు తిరిగితే, మిమ్మల్ని కూడా నేనే చూసుకోవాలి," అంది, నా చొక్కా మడతపెడుతూ.