హుస్సేనీ ఆలంలో వెండి సుత్తులు, మా బావ టీవీ

పాతబస్తీకి చాలామంది బిర్యానీ కోసమో గాజుల కోసమో వెళ్తారు. నేను మాత్రం గొడవ పెట్టుకుందామని వెళ్లాను. మా అక్క సరోజ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. పోయిన నెల బీపీ పెరిగి డ్యూటీలోనే కళ్లు తిరిగి పడిపోయింది. పగలు సరిగ్గా నిద్రపోకపోతే ఈసారి పడిపోవడంతో ఆగదని డాక్టరు గట్టిగానే చెప్పాడట. హుస్సేనీ ఆలంలో అక్కవాళ్ల ఇంటి గోడకు ఆనుకుని వెండి వరఖు కొట్టే ఇల్లు ఉంది. మిఠాయిల మీద మెరిసే పలచటి వెండి పొర అలాంటి చోట్లే తయారవుతుంది. పొద్దున్నుంచీ సుత్తుల మోత. అక్క నిద్రను మింగుతున్నవి ఆ సుత్తులేనని తీర్మానించుకుని, కిషన్‌బాగ్‌లో ఒక ప్రశాంతమైన పోర్షన్ ఫోన్లోనే మాట్లాడి పెట్టాను. సాయంత్రం ఐదింటికి చూడ్డానికి వస్తామని ఓనరుకు మాట కూడా ఇచ్చేశాను.

నల్లగొండలో ఆరింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు ఎంజీబీఎస్‌లో దిగాను. అక్కడి నుంచి హుస్సేనీ ఆలంకు ఆటోవాళ్లు రెండువందలు అడుగుతారు, నూట ఇరవైకి వస్తారు. నా ఆటో మెహబూబ్ చౌక్ దగ్గర, ఎవరో రోడ్డుకు అడ్డంగా నిలిపిన ట్రాలీ వెనక పావుగంట ఆగిపోయింది. చుట్టూ అందరూ హారన్లు కొడుతున్నారు, ట్రాలీవాడు మాత్రం తాపీగా బట్టల మూటలు దించుకుంటున్నాడు. నేను విసుక్కుంటుంటే డ్రైవరు అద్దంలో చూసి, "జర ఓపిక పట్టున్రి మేడం, పాతబస్తీ గిట్లనే ఉంటది" అన్నాడు. ఓపిక పట్టమని ఎప్పుడూ ఇరుక్కున్నవాళ్లకే చెప్తారు, అడ్డం పెట్టినవాడికి ఎవరూ చెప్పరు. డబ్బులిచ్చేసి అక్కడే దిగి నడిచాను. పది నిమిషాల దారి.

అక్కవాళ్ల గల్లీలోకి తిరగగానే సుత్తుల చప్పుడు వినిపించింది. ఇంట్లోకి వెళ్తే దాన్ని మించిన చప్పుడు. మా బావ ప్రభుత్వ కొలువు నుంచి రిటైరయ్యాడు. అప్పటి నుంచీ కుర్చీలో కూర్చుని టీవీలో చర్చలు చూడటమే ఆయన డ్యూటీ. అందులో నలుగురు మనుషులు ఈ దేశంలో ఎవరికి సహనం ఎక్కువ అనే విషయం మీద ఒకరినొకరు మాట్లాడనివ్వకుండా అరుచుకుంటున్నారు. నేను సుత్తుల సంగతి ఎత్తగానే బావ తన టీవీ మీంచి వినపడేలా గొంతు పెంచాడు. "ఇర్వై రెండేండ్ల సంది ఈ చప్పుడు భరిస్తున్నం. ఒక్కనాడన్న వాళ్లతోటి లొల్లి పెట్టుకున్ననా? సహనం అంటే మాది." తన కంపు తనకింపు అని ఊరికే అనలేదు పెద్దలు. అయినా ఇంటి అల్లుడు కదా, నవ్వి ఊరుకున్నాను.

వంటింట్లో అక్క రాత్రి డ్యూటీ కళ్లతోనే పప్పు తాలింపు పెడుతోంది. కిషన్‌బాగ్ పోర్షన్ గురించి చెప్పాను. గాలి, వెలుతురు, ఇంటి వెనక చప్పుడు లేదు, ఆసుపత్రికి కూడా ఒకే బస్సు. అంతా విని, "చూద్దాం తీ, ముందు తిను" అంది. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ ఈవిడ ఏ సమస్యకైనా ఇచ్చే సమాధానం ఇదే.

సరిగ్గా ఒంటిగంటకు పక్కింట్లో సుత్తులు ఆగిపోయాయి. హమ్మయ్య, ఇప్పుడైనా పడుకుంటుందనుకుంటే, అక్క దుప్పటి చంకలో పెట్టుకుని, "రజియా ఆపాకు కొంచెం సాయం చేసొస్త" అంటూ పక్కింటికి బయల్దేరింది. రాత్రంతా మేలుకున్న మనిషి, బీపీ మనిషి, ఇరుగింటికి సాయమా? వరఖు వాళ్లను నేరుగానే కడిగేద్దామని నేనూ వెనకాలే వెళ్లాను.

ముందు గదిలో ఫ్యాను లేదు, మాటల్లేవు. ఇంటావిడ రజియా ఆపా, ఆమె కోడలు నేల మీద కూర్చుని, పొద్దున మధ్యలో వెండి పెట్టి కొట్టిన కట్ట విప్పి, ఒక్కో వెండి పొరనూ ఊపిరి బిగబట్టి కాగితం మీదికి ఎత్తుతున్నారు. గట్టిగా గాలి విడిస్తే ఎగిరిపోయేంత పలచన. అక్క వాళ్ల పక్కనుంచి లోపలి గదిలోకి వెళ్లి పరదా వేసుకుంది. ఐదు నిమిషాల్లో గురక వినిపించింది.

"సిస్టర్ నిద్ర టైం" అంది ఆపా గుసగుసగా. "ఒంటిగంట నుంచి నాలుగు దాక మేం కొట్టం. రేకు ఎత్తే పని గప్పుడే పెట్టుకున్నం. నాలుగేండ్లాయె."

"అక్క అడిగిందా?"

"అడుగుడేంది, మస్తు లొల్లి చేసింది. మేం తక్కువ తిన్నమా, మేం గూడ చేసినం. లొల్లి అయినంక చాయ్ తాగి టైం మాట్లాడుకున్నం."

"మరి తన ఇంట్లోనే పడుకోవచ్చు కదా?"

ఆపా గోడవైపు చూపించింది. గోడ అవతల మా బావ టీవీ. సహనం మీద చర్చ ఒక్క ముక్క పొల్లుపోకుండా ఈ ముందు గదిలోకి వినిపిస్తోంది. "మేం సుత్తి ఆపినం. గా టీవీ ఎవరాపాలె?" అంది. మీకు కోపం రాదా అంటే, "ఎందుకు రాదు? నాలుగు దాటినంక మా ఆయన ఇంకింత గట్టిగ కొడ్తడు" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాలుగింటికి అక్క లేచాక అక్కడే నిలదీశాను. కిషన్‌బాగ్ వెళ్దాం పద అన్నాను.

"ఇల్లు మారితే టీవీ గూడ మా ఎంబడే వస్తది గద" అంది.

"బావకు చెప్పొచ్చు కదా?"

"పెండ్లయిన కొత్తల చెప్పిన. అప్పుడు రేడియో. అమ్మేమో, మా సరోజకు భూదేవంత ఓర్పు అని ఊరంత చెప్పుకొచ్చింది. మా ఇర్వై ఏండ్ల పెండ్లి దినం నాడు నువ్వు గూడ మైకు పట్టుకొని గదే మాటంటివి. గంత పేరొచ్చినంక లొల్లి ఎట్ల పెట్టుకోవాలె?"

నిజమే, ఆ మాట నేనే అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు ఎంత బాగా మాట్లాడానో అని మూడు రోజులు మురిసిపోయాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి రాగానే నా నోరు ఆగలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి బావ మీద అరిచాను. అక్క నిద్రలేక పడిపోయింది సుత్తుల వల్ల కాదు, మీ టీవీ వల్ల అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ అక్క ఎన్నడన్న అన్నదా? ఆమెకు లేని బాధ నీకేంది? ఆమెకు మస్తు ఓర్పు" అన్నాడు.

గడపలో నిలబడి దుప్పటి మడతపెడుతున్న అక్క తల ఎత్తకుండానే మాట్లాడింది. "నాకు ఓర్పు లేదు. ఉంటే ఈ ఇంట్లనే పండుకుంటుంటి."

బావ ఆమె వైపు తిరిగాడు. "అంటే రోజు ఆడ పండుకుంటున్నవా? సాయానికి పోతున్నవనుకున్న" అన్నాడు. నాలుగేళ్లు. ఆయన రిమోట్ కోసం అటూ ఇటూ వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

కిషన్‌బాగ్ ఓనరుకు ఫోన్ చేసి రావట్లేదని చెప్పి, ఆరున్నర బస్సెక్కాను. దారి పొడుగునా నా మీద నాకే చిరాకు. గోడకు అటువైపు వాళ్లు పోట్లాడుకున్నారు, కోపాలు తెచ్చుకున్నారు, పని వేళలు మార్చుకున్నారు. వాళ్లను సహనశీలులని ఎవరూ సన్మానించలేదు. ఇటువైపు ఒకరు అరుస్తూ ఉంటే ఒకరు నోరు మూసుకున్నారు. ఇద్దరికీ సహనమనే బిరుదు ఇచ్చేశాం. మనకు ఇబ్బంది లేనంతసేపు ఎదుటివాళ్ల ఓర్పు ఎంత బాగుంటుందో! అక్కకు క్షమాపణ చెప్పాలి. ఇంకా చెప్పలేదు. పోయిన వారం ఫోన్ చేస్తే, బావ నాలుగు రోజులు టీవీ తగ్గించాడనీ, ఐదో రోజు ఏదో పెద్ద చర్చ వచ్చిందనీ చెప్పింది.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. వరఖు కొట్టడం చూడాలంటే పన్నెండులోపే వెళ్లండి. ఒంటిగంట దాటాక రేకు ఎత్తడం చూడొచ్చు, ఉక్కపోసినా ఫ్యాను వేయమని మాత్రం అడగకండి. గొంతు తగ్గించి మాట్లాడండి. లోపలి గదిలో మా అక్క పడుకుని ఉంటుంది.