దిమ్మెగా నిలబడిన అభ్యర్థి

ఒక పార్లమెంటు ఎన్నికల ఏడాది, ఉగాది దాటిన రెండో వారంలో, బెళుగుప్ప మండలంలోని మా ఊరి కుంటలో పూడిక తీసే పని మొదలైంది. ఆ పనికి నేను మేట్‌ని. ఉపాధి హామీ పనుల్లో మేట్ అంటే కూలీలకు పైన, ఫీల్డ్ అసిస్టెంటుకు కింద ఉండే మనిషి. హాజరు వేయడం, ఏ గ్రూపు ఎక్కడ తవ్వాలో ముగ్గుపిండితో గీత గీసి చూపడం, తాగునీళ్లు, నీడకు పరదా, దెబ్బ తగిలితే మందుల పెట్టె, ఇవన్నీ మేట్ చూసుకోవాలి. చదవడం, రాయడం వచ్చి ఉండాలన్నది నియమం. నేను అక్షరాలు నేర్చుకున్నది నా కూతురి పెళ్లయిన తర్వాత, ఊళ్లో నడిచిన రాత్రి బడిలో. అంతకు ముందు చాలా ఏళ్లు ఇవే పనుల్లో మట్టి గంప మోశాను. ఇప్పుడు కళ్లు సరిగా ఆనక మేట్ పని కూడా మానుకున్నాను.

ఉపాధి పనిలో ఊరికే వచ్చి కూర్చుంటే కూలి పడుతుందని బయటివాళ్లు అనుకుంటారు. అట్లా పడదు. తీసిన మట్టిని బట్టే కూలి. గ్రూపు మొత్తం తీసిన మట్టిని టెక్నికల్ అసిస్టెంటు వారానికొకసారి వచ్చి టేపుతో కొలుస్తాడు. మేము ఆయన్ని టీ.ఏ. సారు అంటాం. పొడవు, వెడల్పు కొలవడం సులభమే. చిక్కంతా లోతు దగ్గర. కుంటలో గ్రూపులన్నీ పక్కపక్కనే తవ్వుతాయి కాబట్టి అంచు మిగలదు. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి ప్రతి గ్రూపూ తన తావు నడిమధ్యలో కొంత మట్టిని ముట్టకుండా గుంజలాగా వదిలేస్తుంది. దాన్నే దిమ్మె అంటాం. దిమ్మె తల మీద ఎండిన గడ్డి కూడా అట్లాగే ఉండాలి. గడ్డి ఉంటేనే అది అసలు నేల అని సారు నమ్ముతాడు. కొలత అయ్యేదాకా దిమ్మె జోలికి ఎవరూ పోకూడదు. మేక ఎక్కినా అదిలిస్తాం.

ఆ వేసవిలో టీ.ఏ. సారును ఎన్నికల శిక్షణకు పిలవడంతో ఒక వారం కొలత తప్పిపోయింది. రెండు వారాల మట్టికీ కలిపి ఒకేసారి కొలుస్తానని కబురు పెట్టాడు. ఇది అందరికంటే ఎక్కువగా మాబున్నికి కష్టమైంది. మాబున్ని ఒక గ్రూపుకు లీడరు. భర్త కదిరిలో పరుపులు కుట్టే పనికి పోయేవాడు. ఆమె ఇంట్లో గ్యాస్ బండ ఖాళీ అయి చాలా రోజులైంది. పొద్దున పనికి వచ్చేటప్పుడు ఆమె చీర కట్టెల పొగ వాసన వేసేది. ఈ కొలత పడితేనే బండ తెచ్చుకుంటానని లెక్క వేసుకుని ఉంది.

కుంటలో ఆ రోజుల్లో ఎక్కడ విన్నా ధరల మాటే. ఏ ధరతో మొదలైనా ఎన్నికల దగ్గరే ఆగేది.

"ఎవురొచ్చినా నూనె దిగేది లేదు, కందిబ్యాళ్లు దిగేది లేదు. ఇంగ నేనెందుకు ఎండలో నిలబడి ఓటెయ్యాల?" అనేది మాబున్ని.

ఆ గ్రూపులో అందరికంటే పెద్దది నరసమ్మ. ఆమె గంప దించకుండానే జవాబు చెప్పేది. "ఆ మిషన్లో బటన్ నొక్కితే పొయ్యి అంటుకుంటాదంటే చెప్పే, ఇప్పుడే పోయి నొక్కొస్తా."

ఈసారి ఎవరికీ ఓటు వేయకూడదని ఆ గ్రూపు గట్టిగానే అనుకుంది. మేట్‌కు పని చోట రాజకీయాల ఊసు పనికిరాదు. అందుకని నేను మాట కలపలేదు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయేదాన్ని.

కొలతకు సారు వస్తానన్న రోజునే ఒక అభ్యర్థి మా కుంటకు వచ్చాడు. ఏ పార్టీ అన్నది రాయను. అవతలి పార్టీ వాళ్లు ముందు వచ్చి ఉంటే వాళ్లూ ఇదే చేసి ఉండేవాళ్లు. వేసవి పొద్దున ఊళ్లో ఏ ఇల్లు చూసినా తాళమే. ఆడవాళ్లంతా ఒక్క చోట దొరికేది ఉపాధి పనిలోనే అని అన్ని పార్టీలకూ తెలుసు. జీపులు గట్టు మీద ఆగాయి, డప్పులు దిగాయి. పని వేళలో సభ పెట్టకూడదని నేను ముందు వచ్చిన అనుచరుడికి చెప్పాను.

"సభ కాదు మేడం, రెండు ఫోటోలు. ఈసారి పోటీ శానా గట్టిగా ఉండాది. ఒగ ఓటు కూడా పోగొట్టుకునేదానికి లేదు," అన్నాడతను.

రెండో హాజరు ఫోటో పంపే వేళయింది. మేము హాజరును రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫోటో తీసి పంపాలి. రెండో ఫోటో పోకపోతే ఆ రోజు పని లెక్కలోకి రాదు. కుంటలో సిగ్నలు ఉండదు కాబట్టి ఫోటో తీసుకుని గట్టెక్కాను. తర్వాత జరిగింది పై నుంచే చూశాను.

అభ్యర్థి మంచి ఎత్తరి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. మాబున్ని గ్రూపు తావులోకి దిగి, దిమ్మె పక్కన నిలబడి ఒక ఫోటో దిగాడు. ఎవరో మజ్జిగ గ్లాసు ఇస్తే దిమ్మె మీద కూర్చుని తాగి ఇంకొకటి దిగాడు. తర్వాత గడ్డపార అడిగాడు. కింద నేల రాయిలాగా ఉంది. ఒక పోటు వేసేసరికి గడ్డపార ఎగిరి చేతులు అదిరాయి. అప్పుడు ఫోటోగ్రాఫరు అన్న మాట నాకు పైదాకా వినిపించింది. "కింద తవ్వితే తల వంగిపోతాదన్నా, ముఖం పడదు. ఆ దిమ్మెను కొట్టు, అంతా పడతాది."

ఆయన దిమ్మెను కొట్టాడు. గడ్డి ఉన్న పెళ్ల ఊడి పడింది. నేను గట్టు మీది నుంచి అరిచాను. డప్పుల్లో నా గొంతు ఎవరికీ అందలేదు. నీళ్ల బిందెల దగ్గరున్న మాబున్ని వాళ్లు చేతులు ఊపుతూ, అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. అనుచరులు వాటిని జేజేలనుకున్నారు. ఉత్సాహం ఎక్కువై, అన్న మొదలుపెట్టిన పనిని తలా ఒక పార పట్టి పూర్తి చేశారు. నేను కిందికి దిగేసరికి దిమ్మె నేలమట్టమై ఉంది.

డప్పులు ఆగాయి. మాబున్ని ఆ మట్టి వైపు చూసి, అభ్యర్థి వైపు చూసింది.

"ఏమప్పా, రెండు వారాల మా కష్టాన్ని ఇట్ల తీసేస్తివే!"

"నేనేం చేసినానమ్మా? పనిలో సాయం పట్టినా గదా," అన్నాడాయన. నిజంగానే ఆయనకు తెలియదు. దిమ్మె అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో నేను చెప్పాను. వింటూ వింటూ గడ్డపారను మెల్లగా పక్కన పెట్టాడు. అనుచరుడు జేబులో చెయ్యి పెట్టబోతే ఆయనే ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎన్నికల వేళ కూలీల మధ్య ఆ చెయ్యి డబ్బుతో బయటికి వస్తే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

నరసమ్మ కూడా చూసింది. "నీ దుడ్లు మాకొద్దు. మా లోతు మాకియ్యి," అంది.

"ఎట్ల ఇయ్యాలమ్మా?"

"పడగొట్టినోడివి నువ్వే నిలబడు. దిమ్మె యాడుండెనో ఆడ. సారొచ్చేదాకా కదిలేది లేదు."

అందరూ నవ్వారు. మాబున్ని నవ్వలేదు. నా దగ్గరున్న ముగ్గుపిండి తీసుకుని దిమ్మె మొదలు చుట్టూ గుండ్రంగా గీత గీసి, పక్కకు జరిగి నిలబడింది. ఇంకా మూడు ఊళ్లు తిరగాలని అనుచరుడు గుర్తు చేశాడు. అభ్యర్థి కుంట నిండా ఉన్న ఆడవాళ్లను ఒకసారి కలయజూసి గీతలోకి అడుగుపెట్టాడు.

కాసేపటికి టీ.ఏ. సారు మోటారు సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడే గాని పనిలో నిదానం ఉన్నవాడు. ముగ్గు మధ్యలో అభ్యర్థిని చూసి, సంగతి నాతో చెప్పించుకుని, ఫోటోగ్రాఫరు కెమెరా అడిగాడు. మొదటి ఫోటోలో దిమ్మె తల సరిగ్గా అభ్యర్థి చొక్కా అంచు దగ్గర ఉంది.

"ఫోటో చూసి కొలత రాసేదానికి లేదు," అన్నాడు సారు. "రెండు పక్కల గ్రూపుల దిమ్మెలు ఉండాయి గదా, వాటి మట్టం ఈడికి తెస్తాం. అది ఈయన చొక్కా అంచుకు సరిపోతే నాకు ధైర్యం. సార్, మీరు అట్లనే ఉండండి."

మట్టం తేవడానికి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం కావాలి. సన్నటి గొట్టంలో నీళ్లు పోస్తే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస పక్క దిమ్మె దగ్గర, ఇంకో కొస ఇక్కడ పట్టుకుంటే ఎత్తు తెలుస్తుంది. గొట్టం కోసం ఊళ్లోకి మనిషిని పంపాము.

ఆ ఖాళీలో అభ్యర్థికి మాట్లాడాలనిపించింది. "అమ్మలారా" అంటూ చెయ్యి పైకెత్తాడు.

"చెయ్యి దించప్పా!" అని నరసమ్మ కేక వేసింది. "చొక్కా పైకి పోతాంది. మా లోతు ఎక్కువైందని సారు ఒప్పుకోడు!"

ఆయన దించాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చెయ్యి దానంతటదే లేచింది. ఈసారి కుంట కుంటంతా కేక వేసింది. చెయ్యి ఎత్తకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. మూడోసారి ఆయనే నవ్వేసి, చేతులు రెండూ తొడలకు ఆనించి నోరు మూసుకున్నాడు.

అప్పుడు ఆడవాళ్లు మొదలుపెట్టారు. ఒకామె టమోటా సంగతి ఎత్తింది. తాము పండించినప్పుడు రోడ్డు మీద పారబోశామని, ఇప్పుడు కొనబోతే చెయ్యి కాలుతోందని చెప్పింది. ఇంకొకామె ఉల్లి ధర ఎత్తి, ఎర్రగడ్డలు లేకుండా చారు ఎట్లా కాయాలో చెప్పమంది. ఆటో వాళ్లు గుత్తికి ఎంత అడుగుతున్నారో ఒకామె చెప్తే, ఆమె తప్పు చెప్పిందని ఇంకొకామె సరిదిద్దింది. ఆయన ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పి విన్నాడు. తల తిప్పితే కొలతకు నష్టం లేదు.

చివర మాబున్ని ముందుకు వచ్చింది. "మీ ఇంట్లో గ్యాస్ బండ ఎంతకొస్తాదన్నా?"

ఆయన అనుచరుడి వైపు చూశాడు. అనుచరుడు ఫోటోగ్రాఫరు వైపు చూశాడు. ఆఖరికి గట్టు మీద జీపుకు ఆనుకుని నిలబడిన డ్రైవరు అక్కడి నుంచే, బండ ఇంటికి తెచ్చేవాడికిచ్చే పై డబ్బులతో సహా, ధర చెప్పాడు.

"నువ్వు నిలబడప్పా ఎలక్షన్లో!" అంది నరసమ్మ. "నీకేస్తాం."

ఆ నవ్వుల్లో అభ్యర్థి నవ్వే అన్నిటికంటే గట్టిగా వినపడింది.

ఇంతలో అవతలి పార్టీ జీపు గట్టు మీదికి వచ్చింది. గుంతలో తమ ప్రత్యర్థి చేతులు కట్టేసినట్టు నిలబడి ఉండటం చూసి, విషయం అర్థం కాక వాళ్లు అక్కడే ఆగారు. "రండప్పా, మీరూ రండి! ఆ మూల గ్రూపులో ఇంగో దిమ్మె ఉండాది!" అని మావాళ్లు పిలిచారు. జీపు వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయింది.

గొట్టం వచ్చింది. సారు ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాము. రెండు పక్కల దిమ్మెల నుంచీ మట్టం తెచ్చి నడిమి ఎత్తు తీస్తే, నీళ్లు చొక్కా అంచుకు వేలెడు కింద నిలిచాయి. సారు నీళ్ల మట్టమే రాస్తానన్నాడు. అప్పుడు అభ్యర్థి సారును బతిమాలడం మొదలుపెట్టాడు. "నేను కొట్టకముందు గడ్డి ఇంగా పైన ఉండె సార్, నేనే సాక్షి. ఆ వేలెడు కూడా రాయండి."

మాబున్ని ఆ రోజు మొదటిసారి అప్పుడే నవ్వింది. "సాలు లేప్పా, ఇంగ బయటికి రా," అంది.

సారు ఆ వేలెడు రాయలేదు. మిగిలిన లోతంతా రాశాడు. అభ్యర్థి ప్యాంటు దులుపుకుని, అందరికీ దండం పెట్టి, ఓటు సంగతి ఎత్తకుండానే జీపెక్కాడు. కూలి వారం తిరగకముందే ఖాతాల్లో పడింది. మాబున్ని బండ తెచ్చుకుంది. ఆమె చీర పొగ వాసన వేయడం మానింది.

ఓట్ల రోజు ఆ గ్రూపు మొత్తం కలిసి బడి దగ్గరికి వచ్చింది. నేను వరుసలో వాళ్ల వెనక నిలబడి, ఓటు వేసేది లేదన్నారు గదా అని నరసమ్మను అడిగాను.

"ఓటు లేకుంటే ఆ యప్ప మన గుంతలో నిలబడునా?" అంది. ఎవరికి వేశారో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన గెలిచాడా లేదా అన్నది మా కుంటకు సంబంధించిన విషయం కాదు.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. తర్వాత మేట్‌గా ఉన్నన్నాళ్లూ, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ, ఒక్కో గ్రూపు చేత రెండు దిమ్మెలు వదిలించాను. నడిమధ్యలో ఉన్నది కొలతకు. గట్టుకు దగ్గరగా, వెలుతురు ముఖం మీద పడే చోట ఉన్నది ఫోటోలకు.