దేవదానం మాస్టారు, రేలీ దొరగారు

అమలాపురంలో ఇంటరు పిల్లలకు ఫిజిక్సు చెప్పినన్నాళ్లూ దేవదానం మాస్టారికి రేలీ దొరగారంటే ప్రాణం. ఇంగ్లండులో పెద్ద జమీందారై ఉండి, కాలు మీద కాలేసుకుని బతకాల్సిన మనిషి, సొంత బంగళాలోనే ప్రయోగశాల పెట్టుకుని గాలిని తూస్తూ కూర్చున్నాడు. గాలిలోంచి తీసిన నైట్రోజన్, రసాయనాలతో చేసిన నైట్రోజన్ కంటే పిసరంత ఎక్కువ తూగింది. ఇంకొకరైతే పోనిద్దూ అనుకునేవారు. ఆయన వదల్లేదు. ఆ పిసరు వెంటపడితేనే ఆర్గాన్ అనే కొత్త వాయువు దొరికింది. ఈ కథ చెబుతుంటే మాస్టారి కళ్లు చెమ్మగిల్లేవి. పిల్లలు మాత్రం "దొరగారొచ్చేరర్రా" అని నవ్వుకునేవారు.

ఒక ఏడాది ప్రాక్టికల్స్ ముందు, దుర్గాశ్రీ అనే పిల్ల లోలకం ఊపి భూమ్యాకర్షణ విలువ లెక్కగట్టింది. పుస్తకంలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువొచ్చింది.

"ఎన్నిసార్లు చూసినా ఇంతేనండీ," అంది.

మన కాలేజీల ఆనవాయితీ తెలిసిందే. జవాబు ముందు, రీడింగులు తర్వాత.

"చెరిపేసి పుస్తకంలోది రాసెయ్యమ్మా. బయటినుంచి ఎగ్జామినరుగారొస్తారు," అన్నారు మాస్టారు.

"ఆయ్," అని ఆ పిల్ల తలొంచుకుంది.

ఎందుకన్నారు? భయం. మాస్టారు పొలం కూలి సుందరమ్మ మనవడు, వాళ్ల పేటలో తొలి ఎమ్మెస్సీ. లెక్క తప్పినా దొరగారు దొరగారే. తన లెక్క తప్పితే నలుగురూ ఏమంటారో మాస్టారికి బాగా తెలుసు. పాపం, ఆ భయాన్ని తప్పుపట్టడానికి మనసొప్పదు.

రిటైరయ్యే ముందు ల్యాబు సర్దుతుంటే, ఆనాడు దుర్గాశ్రీ లోలకం పొడవు కొలిచిన స్కేలు చేతికొచ్చింది. సున్నా దగ్గర కొస అరిగిపోయి, ఉన్న పొడవు కంటే ఎక్కువ చూపిస్తోంది. తప్పు స్కేలుది, పిల్లది కాదు. ఈ ఎక్కువ ఎక్కడిదో వెతుకుదాం రామ్మా అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే! ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. ఎప్పటికైనా ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకోవాలని మనసులో పడిపోయింది.

దుర్గాశ్రీ కొత్తపేటలో ఫిజిక్సు లెక్చరరని ఈమధ్యే తెలిసింది. ఉన్నపళంగా బస్సెక్కి వెళ్లి ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఆమె ఒక అమ్మాయి రీడింగులు చూస్తోంది.

"ఇది కొట్టేసి పుస్తకంలోది వేసెయ్ తల్లీ, గొడవుండదు."

అంతలో ఆయన్ని చూసి పరుగున వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టింది.

"మా గురువుగారర్రా! ప్రాక్టికల్స్ ఎలా చెయ్యాలో నాకు నేర్పింది ఈయనే," అని అందరికీ గర్వంగా చెప్పింది.

ఒక్క పిల్లకు చెప్పుకుంటే సరిపోతుందనుకుని వచ్చారు మాస్టారు. గదినిండా పిల్లలున్నారు.